నాప్‌వీడ్ పూగుత్తుల్లో బుడిపె ఈగ: వెతకడం, కోసి చూడడం, పెంచడం

పండు ఈగ అనగానే మామిడి, జామ, బీర, కాకర తోటలకు నష్టం చేసే పురుగే మనకు గుర్తుకు వస్తుంది. అదే టెఫ్రిటిడే కుటుంబంలో పండ్ల జోలికి పోని ఈగలు కూడా చాలా ఉన్నాయి. వాటిలో యూరోఫోరా ప్రజాతికి చెందినవి చామంతి కుటుంబపు మొక్కలను ఆశ్రయిస్తాయి. వీటిలో చాలా జాతులు మొగ్గలో గుడ్లు పెట్టి, గింజ కట్టవలసిన చోట కట్టెలాగా గట్టిపడే బుడిపెను మొక్క చేతనే కట్టించుకుని, ఏడాదిలో ఎక్కువ కాలం ఆ బుడిపెలోనే గడుపుతాయి. బ్రిటన్‌లో విరివిగా దొరికే యూరోఫోరా జేసియానా అనే ఈగను ఎలా వెతకాలో, దాని బుడిపెను ఎలా కోసి చూడాలో, ఈగను ఎలా బయటికి రప్పించి గుర్తించాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. అక్కడ స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి ఇది ఇంటికి నడకదూరంలోనే దొరుకుతుంది. ఉత్తర అమెరికాలో ఉన్నవారికి దీని దగ్గరి బంధువులు కనిపిస్తాయి గాని, అక్కడ పాటించవలసిన జాగ్రత్తలు వేరు కనుక వాటిని చివర విడిగా చెబుతాను.

నువ్వు పంటలో కోడు ఈగను, వరిలో ఉల్లికోడును చూసినవారికి పురుగు చేరిన చోట మొక్క ఉబ్బి రూపం మారడం కొత్త సంగతి కాదు. అయితే ఆ రెండూ దోమల్లాగా సన్నగా ఉండే సెసిడోమియిడే కుటుంబపు ఈగలు. పని ఒకటే అయినా వంశం వేరు.

మొక్కను పోల్చుకోవడం

వెతకవలసింది ఈగను కాదు, మొక్కను. కామన్ నాప్‌వీడ్, అంటే సెంటోరియా నైగ్రా, పచ్చిక మైదానాల్లో, రోడ్ల అంచుల్లో, రైలు కట్టల మీద, పొలాల గట్ల వెంట పెరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఊదా గులాబీ రంగు పువ్వులు పూస్తుంది. దూరం నుంచి చూస్తే ముళ్ల థిసిల్ మొక్కగా పొరబడవచ్చు గాని, నాప్‌వీడ్ ఆకుకూ కాడకూ ముళ్లుండవు. పువ్వు కింద గట్టి గుండ్రని భాగం ఉంటుంది. దాని మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న పొలుసులకు గోధుమ, నలుపు రంగుల్లో దువ్వెన పళ్లలాంటి అంచులుంటాయి. చామంతిలో లాగే ఇక్కడ కూడా ఒక్క పువ్వుగా కనిపించేది నిజానికి అనేక చిన్న పువ్వుల గుత్తి, ఒక్కో చిన్న పువ్వు అడుగున ఒక్కో గింజ కట్టాలి. ఈ అమరిక మనసులో ఉంచుకుంటే తరువాత కోసినప్పుడు కనిపించేదంతా సులువుగా అర్థమవుతుంది.

ఈగ జీవితచక్రాన్ని కూడా ముందుగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఏ నెలలో ఏ పని చేయాలన్నది దాని మీదే ఆధారపడుతుంది. వేసవి నడుమ తల్లి ఈగ ఇంకా విచ్చుకోని మొగ్గ మీద వాలి, పొట్ట చివరనున్న పొడవైన గొట్టాన్ని పొలుసుల సందుల్లోంచి లోపలికి దింపి, లేత పువ్వుల మీద గుడ్లు పెడుతుంది. మొగ్గ మరీ లేతగా ఉన్నా, మరీ ముదిరినా దానికి పనికిరాదు. గుడ్డు నుంచి వెలువడిన పిల్లపురుగు ఒక చిన్న పువ్వులోకి చొరబడి కిందికి తొలుచుకుంటూ అండాశయానికి చేరుతుంది. అక్కడ మొక్క కణజాలం పురుగు చుట్టూ పెరిగి, ముందు మెత్తని ఆహారంగా ఉండి, తరువాత గోడలాగా గట్టిపడుతుంది. పక్కపక్క పువ్వుల్లో పురుగులు చేరితే వాటి గోడలు కలిసిపోయి అనేక గదులున్న ఒకే ముద్ద తయారవుతుంది. ప్రతి గదిలో ఒక్క పురుగే ఉంటుంది. శరదృతువు నాటికి పూర్తిగా తిని బలిసిన పురుగు, శీతకాలమంతా పురుగు రూపంలోనే ఉండి, వసంతం చివర ప్యూపాగా, అంటే గట్టి పొరలో కదలకుండా ఉండి ఈగగా రూపం మారే దశగా మారి, మళ్లీ పువ్వులు మొగ్గ తొడిగే వేళకు ఈగగా బయటికి వస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ సేకరించాలి

సేకరణకు నవంబరు నుంచి మార్చి దాకా ఉన్న కాలం అన్నిటికంటే మంచిది. అప్పటికి ఆకులు రాలి, ఎండిన కాడలపై గోధుమ రంగు గుత్తులు మాత్రమే మిగిలి దూరానికే కనిపిస్తాయి. చాలా చోట్ల స్థానిక సంస్థలు రోడ్ల అంచులను వేసవి చివర కోయిస్తాయి కనుక, వేసవిలోనే కోతపడని గట్టును ఒకదాన్ని చూసి పెట్టుకోవడం మంచిది. భూమి ఎవరిదైతే వారి అనుమతి తీసుకోవాలి. రక్షిత ప్రకృతి క్షేత్రాల్లో నిర్వాహకులు లిఖితపూర్వకంగా ఒప్పుకోనిదే ఒక్క గుత్తి కూడా తెంపరాదు.

కత్తి కంటే ముందు వేళ్లకు పని చెప్పాలి. ఎండిన గుత్తిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నొక్కితే, పురుగు లేని గుత్తి లోపలి నూగంతా అణిగి మెత్తగా నలుగుతుంది. బుడిపె ఉన్న గుత్తిలో మాత్రం పొలుసుల వెనుక చింతగింజంత గట్టిదనం వేలికి తగులుతుంది, ఎంత నొక్కినా అది లొంగదు. రెండు మూడు గదులే ఉన్న చిన్న బుడిపె అయితే ఒక పక్కకు ఒరిగి ఉంటుంది కనుక గుత్తిని వేళ్ల మధ్య తిప్పుతూ నొక్కాలి. కొద్దిసేపటి అభ్యాసంతోనే కళ్లు మూసుకుని కూడా చెప్పగలిగే పరీక్ష ఇది. నా దృష్టిలో ఈ పని మొత్తానికి ఇంతకంటే నమ్మదగిన పనిముట్టు లేదు. ఒక హెచ్చరిక: వాన పడిన రోజున తడిసిన గుత్తులు అన్నీ ఒకేలా మెత్తగా, బరువుగా తగులుతాయి. పొడిగా ఉన్న రోజునే వెళ్లాలి.

గట్టిగా తగిలిన గుత్తులనే తెంపుకుని రావడం సహజంగా అందరూ చేసే పని. ఎన్ని గుత్తుల్లో ఎన్నింటికి బుడిపె ఉందో తెలుసుకోవాలంటే మాత్రం అలా చేయకూడదు. ఒక చిన్న స్థలాన్ని గుర్తించి, అందులోని గుత్తులన్నిటినీ, మెత్తనివైనా గట్టివైనా, నొక్కి చూసి రెండు లెక్కలూ రాసుకోవాలి. తెంపేవి మాత్రం కొన్ని చాలు. మిగిలినవి ఈగకూ, గింజ కోసం వచ్చే గోల్డ్‌ఫించ్ పిట్టలకూ వదిలేయాలి. ఏ చోట తెంపినవి ఆ చోటి కాగితపు సంచిలోనే వేసి, సంచి మీద స్థలం, తేదీ, మొక్క పేరు అక్కడికక్కడే పెన్సిలుతో రాయాలి. ప్లాస్టిక్ కవరులో వేస్తే ఒక్క రాత్రికే తేమ పట్టి, వారం తిరగకుండా బూజు వస్తుంది.

కోసి చూడడం

కావలసినవి పదునైన చిన్న చాకు, సన్నని పట్టకారు, పది రెట్లు పెద్దదిగా చూపే లెన్సు, గుత్తిని ఆనించి కోయడానికి ఒక బెండు ముక్క లేదా పాత చెక్క. గుత్తిని పక్కకు పడుకోబెట్టి కోస్తే చాకు జారి వేలు తెగుతుంది. కాడ ఒక అంగుళం ఉంచి, గుత్తిని నిలువుగా పట్టుకుని, ముందు పొలుసులను పట్టకారుతో వలిచేయాలి. లోపలి నూగునూ ఎండిన పువ్వులనూ ఊది తొలగిస్తే, పూపీఠం, అంటే చిన్న పువ్వులన్నీ నాటుకుని ఉండే అడుగుభాగం, మీద కూర్చున్న బుడిపె బయటపడుతుంది. దాని రంగు గడ్డి రంగు నుంచి లేత గోధుమ రంగు దాకా ఉంటుంది. ఒక్కో గది పైభాగాన సన్నని మెడలాంటి దారి ఉండి పైకి తెరుచుకుంటుంది. వచ్చే వేసవిలో ఈగ బయటికి వచ్చేది ఆ దారినే. ఇప్పుడు చాకు అంచును బుడిపె నెత్తిన ఆనించి నిదానంగా ఒత్తిడి పెంచాలి. పచ్చి కొమ్మలాగా అది కోతపడదు, ఎండిన పుల్ల చీలినట్లు టప్పున విచ్చుకుంటుంది.

గదిలో ఆరోగ్యంగా ఉన్న పిల్లపురుగు మీగడ రంగులో, పీపాలాగా పొట్టిగా, లావుగా, గదిని నిండుగా ఆక్రమించి ఉంటుంది. దానికి కాళ్లుండవు, కనిపించే తలా ఉండదు. శరీరం వెనుక చివర మాత్రం ముదురు గోధుమ రంగులో, దాదాపు నల్లగా, గుండ్రని పలక ఒకటి ఉంటుంది. ఆ పలక కనిపిస్తే అది యూరోఫోరా పిల్లపురుగేనని దాదాపు నిశ్చయించవచ్చు.

అసలు ఆసక్తికరమైనది, చాలామంది గమనించకుండా పారేసేది, పలక లేని పురుగులున్న గదులు. ఈ ఈగను తిని బతికే చిన్న కందిరీగ జాతులు అనేకం ఉన్నాయి. యూరిటోమా, టోరిమస్, టెరోమాలస్ ప్రజాతులకు చెందిన ఆ పరాన్నజీవుల పిల్లలు తెల్లగా, రెండు చివరలా సన్నబడి, నల్లని పలక లేకుండా ఉంటాయి. పక్కనే వాడిపోయిన ఈగ పురుగు తొక్క కనిపించవచ్చు. వీటిలో యూరిటోమా టిబియాలిస్ అనే కందిరీగ పద్ధతి వేరు: అది చిన్న వయసులో ఉన్న ఈగ పురుగు లోపలే గుడ్డు పెడుతుంది, ఆ ప్రభావం వల్ల పురుగు తన కాలం రాకముందే ముడుచుకుని గోధుమ రంగు గట్టి పొరగా మారిపోతుంది. కాబట్టి డిసెంబరులోనో జనవరిలోనో కోసిన గదిలో మీగడ రంగు పురుగుకు బదులు గోధుమ రంగు ప్యూపా కనిపిస్తే, ఈగ ముందుగా తయారైందని సంతోషించకూడదు. దాని లోపల ఉన్నది కందిరీగ. ఇంకా కొన్ని గుత్తుల్లో తల, కాళ్లు స్పష్టంగా ఉన్న గొంగళి కనిపిస్తుంది. అది మెట్జ్‌నేరియా అనే చిన్న చిమ్మట పురుగు. గింజలు తింటూ, అడ్డొచ్చిన బుడిపెనూ కొరికి, లోపలి పురుగుకు చావు తెస్తుంది.

నేల మీద రాలిన గుత్తులనూ చూడాలి. బుడిపె పక్కన కొరికిన గుంత, పళ్ల గాట్లు, ఖాళీ గదులు ఉంటే అది ఎలుకల పని. శీతకాలంలో ఆహారం దొరకని రోజుల్లో వాటికి ఈ పురుగులు మంచి మేత.

ఇన్ని రకాల చావులను వేరువేరుగా లెక్కించవచ్చన్న సంగతి ఈ ఈగకు కీటక శాస్త్రంలో ప్రత్యేక స్థానం తెచ్చింది. జార్జ్ వార్లీ 1930లలో కేంబ్రిడ్జ్ సమీపంలో ఇదే నాప్‌వీడ్ ఈగను ఎంచుకుని, గుడ్డు నుంచి పెద్ద ఈగ దాకా ఏ దశలో ఎన్ని చస్తున్నాయో, దేనివల్ల చస్తున్నాయో చదరపు మీటరు లెక్కన పట్టిక కట్టి 1947లో ప్రచురించారు. ప్రకృతిలో కీటకాల సంఖ్యను అదుపులో ఉంచేదేమిటన్న చర్చలో ఆ పని నేటికీ ప్రస్తావనకు వస్తుంది. ఆయన తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో కీటక శాస్త్ర ఆచార్యులయ్యారు. ఆ పద్ధతిలో చిన్న భాగం మన ఇంటి బల్ల మీద కూడా సాధ్యమే, కాకపోతే బతికిన పురుగులను మాత్రమే రాసుకునే అలవాటు మానుకోవాలి. ఒక్కో గుత్తికి ఒక వరుస కేటాయించి, మొత్తం గదులు, పలక ఉన్న పురుగులు, పలక లేనివి, ముందే ముడుచుకున్నవి, గొంగళి కొరికినవి, ఎలుక తిన్నవి, కారణం తెలియకుండా ఖాళీగా ఉన్నవి అని రాసుకుంటూ పోతే సరిపోతుంది.

ఈగను బయటికి రప్పించడం

పెంచడానికి ఉంచిన గుత్తులను కోయకూడదు. వాటిని కాగితపు సంచులతో సహా వాన పడని, ఎండ తగలని బయటి చోట, ఎలుకలు చేరకుండా మూతకు రంధ్రాలున్న రేకు డబ్బాలో పెట్టి, ఏప్రిల్ చివరిదాకా చలిలోనే ఉంచాలి. హీటరు వేసిన గదిలో శీతకాలమంతా పెడితే పురుగులు ఎండిపోతాయి, లేదా బయట మొగ్గలే లేని రోజుల్లో ఈగలు వచ్చేస్తాయి.

మే నెల మొదట్లో గుత్తులను గాజు సీసాల్లోకి మార్చాలి. వెడల్పు మూతి ఉన్న జామ్ సీసా సరిపోతుంది. అడుగున మడిచిన టిష్యూ కాగితం వేసి, గుత్తులను పెట్టి, మూతికి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయాలి. ఇక్కడ దోమతెర గుడ్డ వాడవద్దు. ఈగ అందులోంచి పోలేదు గాని, పరాన్నజీవి కందిరీగలు సునాయాసంగా దూరిపోయి లెక్క తప్పుతుంది. పల్చని మల్లుగుడ్డ గాని, పాత నైలాన్ మేజోడు గాని మంచిది. వారానికి ఒకటి రెండుసార్లు గుత్తులపై సన్నని తుంపర చల్లాలి. సీసా గోడలకు నీటి బిందువులు పట్టాయంటే తడి ఎక్కువైందన్నమాట. కిటికీ దగ్గర వెలుతురు ఉండాలి గాని నేరుగా ఎండ పడరాదు, మూత కట్టిన గాజు సీసా ఎండలో నిమిషాల్లో వేడెక్కుతుంది. ఏ గుత్తి నుంచి ఏది వచ్చిందో తెలియాలంటే ఒక్కో గుత్తిని ఒక్కో చిన్న గొట్టంలో, దూది మూతతో ఉంచడం మేలు. శ్రమ ఎక్కువే గాని, కోసి రాసుకున్న పట్టికతో పోల్చడానికి పనికివచ్చేది ఈ పద్ధతే.

జూన్, జులై నెలల్లో రోజూ ఉదయం చూడాలి. ఈగలు, కందిరీగలు ఒకే సీసాలో వస్తాయి. వెంటనే వేరు చేసి, తేదీ రాయాలి. బతికించి చూడదలిస్తే పంచదార నీటిలో తడిపిన దూది పెట్టవచ్చు. ఒక నాప్‌వీడ్ మొగ్గను కూడా లోపల నిలబెడితే, మగ ఈగ రెక్కలు ఒకటొకటిగా ఆడిస్తూ మొగ్గ చుట్టూ తిరగడం చూడవచ్చు.

గుర్తించడం

ఈగ ఇంటి ఈగకంటే చిన్నది. శరీరం నల్లగా ఉండి, వీపు వెనుక త్రికోణాకార భాగం పసుపు రంగులో స్పష్టంగా కనిపిస్తుంది. తల, కాళ్లు పసుపు ఛాయలో ఉంటాయి. పారదర్శకమైన రెక్కలపై అడ్డంగా నల్లని పట్టీలుంటాయి. ఆడ ఈగ పొట్ట చివర నల్లగా, మొనతేలి, పొడుగ్గా ఉన్న గుడ్లు పెట్టే గొట్టాన్ని చూసి కొందరు దాన్ని కుట్టే ముల్లుగా భయపడతారు. అది కుట్టదు.

రెక్క పట్టీల మీద మాత్రమే ఆధారపడి జాతిని నిర్ణయించవద్దు. అదే నాప్‌వీడ్‌లో యూరోఫోరా క్వాడ్రిఫాసియాటా కూడా ఉండవచ్చు. దాని రెక్కలపై పట్టీలు జంటలుగా కలిసి యూ, వీ అనే ఇంగ్లిషు అక్షరాల్లా కనిపిస్తాయి, దాని బుడిపె పల్చగా, కాగితంలాగా ఉండి వేలికి అంత గట్టిగా తగలదు. స్పియర్ థిసిల్ గుత్తిలో గట్టి బుడిపె దొరికితే అది యూరోఫోరా స్టైలాటా అయి ఉంటుంది. దాన్ని సేకరించడానికి తోలు చేతితొడుగులు తప్పనిసరి. క్రీపింగ్ థిసిల్ కాడ మీద పెద్దగా ఉబ్బిన బుడిపె యూరోఫోరా కార్డుయిది. అది గుత్తిలో కాక కాడలో కడుతుంది కనుక పొరపాటుకు తావు లేదు. అందుకే మొక్క పేరు, బుడిపె ఉన్న చోటు, దాని గట్టిదనం, రెక్క గుర్తు, ఈ నాలుగూ కలిపి చూడాలి.

నాప్‌వీడ్ గుత్తుల్లో బుడిపె లేకుండా, నూగు మధ్య వదులుగా పడి ఉన్న నల్లని ప్యూపాలు కూడా ఒక్కోసారి కనిపిస్తాయి. వాటిలో అకాంథియోఫిలస్ హెలియాంథి ఉండవచ్చు. మన దగ్గర కుసుమ పంట పూగుత్తుల్లో చేరి గింజను పాడుచేసేది ఈ ఈగే, ఎందుకంటే కుసుమ కూడా నాప్‌వీడ్‌కు వృక్షశాస్త్రపరంగా దగ్గరి చుట్టం. తెలంగాణలో కుసుమ వేసే తాండూరు వైపు ఉన్నవారు ఇదే కోత పద్ధతిని, ఇదే పట్టికను తమ పొలంలో వాడుకోవచ్చు, కాకపోతే అక్కడ గట్టి బుడిపె కోసం వెతకవద్దు. కుళ్లి తడిసిన గుత్తి, లోపల తెల్లని పురుగులు, ఇవే గుర్తులు.

ఉత్తర అమెరికాలో ఉన్నవారికి

అక్కడ స్పాటెడ్, డిఫ్యూజ్ నాప్‌వీడ్ మొక్కలు యూరప్ నుంచి వచ్చి పచ్చిక బయళ్లను ఆక్రమించిన కలుపు. వాటిని అదుపు చేయడానికి బ్రిటిష్ కొలంబియాలో 1970లో యూరోఫోరా అఫినిస్‌ను, 1972లో క్వాడ్రిఫాసియాటాను వదిలారు. రెండూ బాగా వ్యాపించి గింజ దిగుబడిని తగ్గించాయి గాని, కలుపు మాత్రం వాటితోనే లొంగలేదు. తరువాత వేరు, గింజ తినే ముక్కుపురుగులను కూడా తేవలసి వచ్చింది. అఫినిస్ బుడిపె కట్టెలాగా గట్టిగా ఉంటుంది, రెక్కలపై పట్టీలు వెలిసినట్లు లేతగా ఉంటాయి.

పద్ధతి అంతా పైన చెప్పినదే అయినా, అక్కడ రెండు నియమాలు తప్పకూడదు. నాప్‌వీడ్ అనేక రాష్ట్రాల్లో చట్టప్రకారం నిషిద్ధ కలుపు కనుక గింజ ఉన్న గుత్తులను కారులో వేసుకుని మరోచోటికి తీసుకువెళ్లకూడదు. పెరిగిన చోటే కోసి, చూసి, అక్కడే వదిలేయాలి. రెండవది ఆరోగ్యానికి సంబంధించినది. డీర్ మౌస్ అనే ఎలుకలు శీతకాలమంతా ఈ బుడిపెల్లోని పురుగులను తిని సంఖ్య పెంచుకుంటున్నాయని, అలాంటి చోట్ల హంటావైరస్ సోకిన ఎలుకలు కూడా ఎక్కువని మోంటానాలో డీన్ పియర్సన్, రాగన్ కాలవే 2006లో చూపారు. ఆ వైరస్ ఎలుకల మూత్రం, మలం కలిసిన దుమ్ము పీల్చడం వల్ల మనుషులకు సోకి ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. కాబట్టి గుత్తులను ఆరుబయట, గాలి ఆడే చోటే కోయాలి. ఎలుకలు తిరిగిన షెడ్డులో నిల్వ ఉన్నవాటిని ముట్టరాదు, ఎలుక కొరికిన గుత్తులను నోటితో ఊదరాదు.

పని ముగించడం

బ్రిటన్‌లో పెంచిన ఈగలను జులైలోనే, గుత్తులు తెచ్చిన గట్టు మీదే వదలాలి. కందిరీగలను కూడా అక్కడే వదలాలి, వాటిని చంపి ఈగకు మేలు చేస్తున్నామనుకోవడం పొరపాటు. సీసాలను ఆగస్టు చివరిదాకా అలాగే ఉంచి, ఆ తరువాత పాత బుడిపెలన్నిటినీ కోసి, బయటికి రాని గదులను లెక్కించి పట్టిక పూర్తి చేయాలి. రెక్కలు స్పష్టంగా కనిపించేలా పైనుంచి తీసిన ఒక ఫోటో, కోసిన బుడిపె ఫోటో ఒకటి జతచేసి, స్థలం, తేదీ, మొక్క పేరుతో ఐరికార్డ్ అనే బ్రిటన్ జీవజాతుల నమోదు వెబ్‌సైటులో నమోదు చేయవచ్చు. జాతి విషయంలో అనుమానం ఉంటే యూరోఫోరా అని ప్రజాతి వరకే రాయాలి.